ఇంటి సర్వర్: పెట్టడం ఒక పూట పని, నిలబెట్టడం రోజూ పని

మా ఇంటి సర్వర్‌కి స్క్రీన్ లేదు. ఒకప్పుడు ఉండేది. మా అమ్మాయి చేతిలోంచి జారి పడ్డ లాప్‌టాప్ అది. బాగు చేయించడం దండగనుకుని అటక మీద పడేశాం. ఫోన్లో ఫొటోలకి చోటు చాలక, నెలనెలా క్లౌడ్‌కి చందా కట్టడం విసుగొచ్చి, ఒకరోజు దాన్ని కిందికి దింపాను. పగిలిన స్క్రీన్‌ని మరలు విప్పి తీసేసి, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి తగిలించి, విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. ఇప్పుడది పుస్తకాల అరలో రూటర్ పక్కన కుక్కిన పేనులా పడి ఉంటుంది. ఇంటిల్లిపాది ఫొటోలు, సినిమాలు, పాస్‌వర్డ్‌లు, కరెంటు బిల్లు నుంచి స్కూలు సర్టిఫికెట్ల దాకా స్కాన్ చేసిన కాగితాలు, అన్నీ అందులోనే.

పెట్టడానికి ఒక ఆదివారం సరిపోయింది. కానీ సర్వర్ రెండేళ్లలో మూడుసార్లు ఆగిపోయింది. అందులో ఒకసారి నా తప్పుతో, ఒకసారి కరెంటు వల్ల, ఇంకోసారి మళ్లీ నా తప్పుతోనే. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలన్నదాని కంటే, ఎక్కించింది పోతే ఎలా తెచ్చుకోవాలన్నదే ఇక్కడ ఎక్కువగా చెబుతాను. నా దగ్గర ఒక రూళ్ల నోట్‌బుక్ ఉంది. కొత్త సర్వీసు (సర్వర్ మీద నడిచే ఒక్కో సాఫ్ట్‌వేర్) ఏది పెట్టాలన్నా ముందు అందులో ఒక వాక్యం రాయాలి: "ఇది పోతే ఇలా తెచ్చుకుంటాను." ఆ వాక్యం రాయలేకపోతే ఆ సర్వీసు పెట్టను. ఇంట్లో నేను పెట్టుకున్న రూలు ఇదొక్కటే.

ఏ మెషీన్

కొత్తది కొనకండి, కనీసం మొదట్లో. పాత లాప్‌టాప్ బంగారం. దాని బ్యాటరీ ఊరికే వచ్చిన యూపీఎస్. కీబోర్డు ఎలాగూ ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు కూడా పెద్దగా తాగదు. ఒక్క వాట్ ఏడాది పొడుగునా ఆగకుండా నడిస్తే 8.76 యూనిట్లు అవుతుంది. ఈ అంకె ఒకటి గుర్తుంచుకుంటే చాలు. 10 వాట్లతో నడిచే మెషీన్ ఏడాదికి 88 యూనిట్లు తింటుంది. ఏదో ఆఫీసు తీసేసిన ర్యాక్ సర్వర్ చవగ్గా దొరికిందని ఇంటికి తెచ్చుకుంటే, అది ఏ పనీ లేకుండానే 100 వాట్లు లాగుతుంది, అంటే 876 యూనిట్లు. పైగా దాని ఫ్యాన్ల మోతకి ఇంట్లోవాళ్లు మిమ్మల్నీ దాన్నీ కలిపి బయటికి పంపిస్తారు.

లాప్‌టాప్ అయితే ముందు రెండు పనులు చేయాలి. ఒకటి, బ్యాటరీని చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, కింది మూత ఉబ్బినట్టున్నా ఆ బ్యాటరీ ఉబ్బిందన్నమాట. ఇంకేమీ ఆలోచించకుండా తీసేయండి. అది పగలూ రాత్రీ ప్లగ్గులో ఉండే మెషీన్, ఇందులో మొహమాటం పనికిరాదు. బ్యాటరీ బాగుంటే, మీ మోడల్ ఒప్పుకుంటే, చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టండి. రెండోది, మూత మూస్తే నిద్రపోకూడదు. లైనక్స్‌ని లేపి నడిపే సిస్టమ్‌డీలో భాగమైన లాగిన్‌డీ సెట్టింగుల ఫైల్లో 'హ్యాండిల్ లిడ్ స్విచ్' అనే వరుస ఉంటుంది. దాని ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి విలువని 'ఇగ్నోర్' అని మార్చాలి. ఇది మర్చిపోయి, మూత మూయగానే సర్వర్ మాయమైతే నెట్‌వర్క్ కేబుల్ మార్చిన ఘనుణ్ణి నేను.

కొనాల్సిందే అంటే ఇంటెల్ ఎన్100 లాంటి ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ చాలు. నాలుగు కోర్లు, 6 వాట్ల టీడీపీ (ప్రాసెసర్ పనిలో ఉన్నప్పుడు వెలువరించే వేడి లెక్క), వీడియోల ఫార్మాట్ అప్పటికప్పుడు మార్చే క్విక్ సింక్ కూడా అందులో ఉంటుంది. 8 జీబీ ర్యామ్‌తో మొదలుపెట్టొచ్చు, 16 ఉంటే నిశ్చింత. డెస్క్‌టాప్ గానీ మినీ పీసీ గానీ అయితే బయోస్‌లోకి (మెషీన్ ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి, కరెంటు పోయి వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ వెతికి పెట్టండి. లేకపోతే మీరు ఊళ్లో లేని రోజే ఎవరో ఒకరు బటన్ నొక్కాల్సి వస్తుంది, ఆ బటన్ ఎక్కడుందో మీరు ఫోన్లో వర్ణించాల్సి వస్తుంది.

ఇక వైఫై మాట మర్చిపోండి. కేబుల్ వేయండి. మామూలు క్యాట్ 5ఈ కేబుల్ మీద 1 గిగాబిట్ వేగం 100 మీటర్ల దాకా వస్తుంది, అంత పెద్ద ఇల్లు మనకి లేదు.

ఇల్లు వేరు, ల్యాబ్ వేరు

చాలామంది మొదటిరోజే ప్రాక్స్‌మాక్స్ ఎక్కిస్తారు. మంచిదే. డెబియన్ అనే రకం లైనక్స్ మీద కట్టింది, ఒకే మెషీన్‌లో కేవీఎమ్‌తో వర్చువల్ మెషీన్లూ ఎల్ఎక్స్‌సీతో కంటైనర్లూ నడుపుకోవచ్చు, అంటే ఒకే మెషీన్‌ని విడివిడి గదుల్లా పంచుకోవచ్చు. కానీ మొదటి ఆరు నెలలు నా మాట విని ఉత్త డెబియన్, దాని మీద డాకర్ (ఒక్కో సాఫ్ట్‌వేర్‌నీ కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపేది), అంతే పెట్టుకోండి. పొర తక్కువైతే చెడినప్పుడు వెతకాల్సిన చోట్లు కూడా తక్కువ. చేయి తిరిగాక, ర్యామ్ 16 జీబీ దాటాక ప్రాక్స్‌మాక్స్‌కి వెళ్దురుగాని.

అయితే ప్రాక్స్‌మాక్స్ నేర్పే బుద్ధి ఒకటుంది, అది మొదటిరోజు నుంచే కావాలి. ఇంట్లోవాళ్లు వాడే వాటిని ల్యాబ్‌లా చూడకూడదు. పాస్‌వర్డ్‌లు ఉన్న చోట కొత్త నెట్‌వర్క్ సెట్టింగులు ప్రయోగం చేయకూడదు. నాకిప్పుడు రెండో మెషీన్ ఒకటుంది, స్నేహితుడు పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నది. దాన్ని అప్పుడప్పుడూ తుడిచి మళ్లీ ఎక్కిస్తుంటాను. నేర్చుకునేదంతా అక్కడే. అక్కడ నెల రోజులు కుదురుగా నడిచిందే ఇంటి సర్వర్ మీదికి వస్తుంది.

డెబియన్ ఎక్కించగానే చేయాల్సినవి చకచకా చెప్పేస్తాను. రూటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టి సర్వర్‌కి ఎప్పుడూ ఒకే చిరునామా దక్కేలా చూడండి, నాది 192.168.1.10. వేరే కంప్యూటర్ నుంచి సర్వర్‌లోకి లాగినయ్యే ఎస్ఎస్‌హెచ్‌కి, పాస్‌వర్డ్ బదులు వాడే ఈడీ25519 కీ తయారు చేసుకుని, పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయండి. ఆపేటప్పుడు ఒక జాగ్రత్త: ఇప్పుడు తెరిచి ఉన్న సెషన్ మూసేయకుండా, పక్కన ఇంకో టెర్మినల్ తెరిచి కీతో లోపలికి వెళ్లగలుగుతున్నారో లేదో చూసుకోండి. వెళ్లగలిగాకే పాతది మూయండి. ఇంట్లోంచి బయటికొచ్చి తలుపు వేసేముందు తాళంచెవి జేబులో తడుముకుంటాం కదా, ఇదీ అంతే. తర్వాత అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ ప్యాకేజీ పెట్టి, భద్రతకి సంబంధించిన అప్‌డేట్లు వాటంతటవే వచ్చేలా చేయండి.

ఒకే ఫోల్డర్

నా సర్వర్‌లో ఉన్నదంతా 'సేవలు' అనే అర్థంలో పేరు పెట్టిన ఒకే ఫోల్డర్ కింద ఉంటుంది. దాని కింద ఒక్కో సర్వీసుకి ఒక్కో ఫోల్డర్. ప్రతి దాంట్లో డాకర్ కంపోజ్ ఫైలు (ఏ కంటైనర్ ఎలా నడవాలో రాసినది), దాని సెట్టింగుల ఫైలు, దాని డేటా. ఇంకెక్కడా ఏమీ ఉండదు. మెషీన్ కాలిపోతే ఈ ఫోల్డర్‌ని కొత్త మెషీన్‌లో పెట్టి 'కంపోజ్ అప్' అని కమాండ్ ఇస్తే సర్వీసులు లేవాలి. ఫొటోలూ సినిమాలూ మాత్రం పెద్దవి కాబట్టి వేరే డిస్క్‌లో ఉంటాయి.

కంపోజ్ ఫైళ్ల విషయంలో మూడు చోట్ల కాలు జారుతుంది. ఇమేజ్ (కంటైనర్ తయారయ్యే అచ్చు) పేరు పక్కన 'లేటెస్ట్' అని రాయకండి, వెర్షన్ నంబరు రాయండి. ఇమ్మిచ్ లాంటి ఫొటోల సాఫ్ట్‌వేర్ వేగంగా మారుతుంటుంది. ఎప్పుడు ఏ వెర్షన్‌కి వెళ్లారో మీకే తెలియకపోతే వెనక్కి రావడం దేవుడెరుగు, ఎక్కడ చెడిందో కూడా కనుక్కోలేరు. రెండోది లాగ్‌లు, అంటే జరిగిందల్లా రాసుకునే చిట్టాలు. డాకర్ మామూలుగా రాసుకునే లాగ్ ఫైళ్లకి మీరు హద్దు పెట్టకపోతే హద్దంటూ ఉండదు. ఒక ఫైలు గరిష్ఠంగా ఎంత, ఎన్ని ఫైళ్లు అనే రెండు వరుసలు వెనకాల ఎప్పుడూ నడుస్తుండే డాకర్ డీమన్ సెట్టింగులో రాసేయండి, నేను 10 ఎంబీ చొప్పున మూడు ఫైళ్లు ఉంచుతాను. ఆ సెట్టింగ్ కొత్తగా తయారయ్యే కంటైనర్లకే వర్తిస్తుంది కాబట్టి పాతవాటిని ఒకసారి తీసి మళ్లీ లేపాలి.

మూడోది చాలామందికి తెలియదు. యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టి అన్నీ మూసేశాం కదా అని ధీమాగా ఉంటాం. కానీ డాకర్ తన పోర్టులు (నెట్‌వర్క్ వైపు ఒక్కో సర్వీసుకీ ఉండే నంబరు తలుపులు) తెరిచేటప్పుడు, లైనక్స్ లోపలి ఫైర్‌వాల్ అయిన ఐపీటేబుల్స్‌లో తన నియమాలు తనే రాసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూ మాట అక్కడ చెల్లదు. ముందు గేటుకి తాళం వేసి వెనక గోడకి కన్నం పెట్టినట్టు. అందుకే బయటికి కనిపించనక్కర్లేని సర్వీసులకి పోర్టు ముందు 127.0.0.1 అని చేర్చండి, అప్పుడు ఆ మెషీన్ లోపలి నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ అందదు. మెషీన్ బయటివాళ్లకి ఒకే ఒక్క ద్వారం ఉంచండి, రివర్స్ ప్రాక్సీ (ఎవరు ఏ సర్వీసు అడిగారో చూసి అక్కడికి పంపేది). నేను క్యాడీ వాడతాను, సెట్టింగుల ఫైలు నాలుగు వరుసల్లో తేలిపోతుంది కాబట్టి.

మొదట ఏది పెట్టాలి

అందరూ పైహోల్‌తో మొదలుపెడతారు, అది ఇంటి డీఎన్ఎస్‌గా ఉండి ప్రకటనలని ఆపుతుందని. నేనూ అదే చేశాను. డీఎన్ఎస్ అంటే ఇంట్లో ప్రతి ఫోనూ ప్రతి క్షణం అడిగే చిరునామాల పుస్తకం. దాన్ని తీసుకెళ్లి, అప్పుడే నడక నేర్చుకుంటున్న సర్వర్ చేతిలో పెట్టాను. ఓ రాత్రి అప్‌డేట్ చేసి రీబూట్ కొట్టి పడుకున్నాను. అది లేవలేదు. పొద్దున ఏడింటికి "నాన్నా, నెట్ రావట్లేదు, నాకు క్లాసుంది" అని మా అమ్మాయి తలుపు బాదుతోంది. నెట్ ఉంది, పేర్లకి చిరునామా చెప్పేవాడే లేడు. ఆ మాట ఆ టైములో చెబితే వినేదెవరు?

దీనికి చాలామంది చేసే చిట్కా ఏమిటంటే, రూటర్‌లో రెండో డీఎన్ఎస్‌గా బయటి సర్వర్ ఒకటి రాయడం. అది స్టెప్నీలా పనిచేస్తుందనుకుంటారు. పనిచేయదు. చాలా ఫోన్లూ కంప్యూటర్లూ రెండింటిలో ఏదో ఒకదాన్ని తమకి నచ్చినట్టు అడుగుతాయి, ప్రకటనలు సగం మళ్లీ వస్తాయి. రెండో పైహోల్‌ని ఇంకో చిన్న బోర్డు (అరచేతిలో పట్టేంత కంప్యూటర్) మీద నడపడమే దారి. అది కుదిరేదాకా పైహోల్ జోలికి పోవద్దు.

మొదటి సర్వీసుగా జెల్లీఫిన్ పెట్టండి. 2018 చివర్లో ఎంబీ అనే మీడియా సాఫ్ట్‌వేర్ నుంచి చీలి వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, సినిమాలూ పాటలూ ఇంట్లో టీవీలకి అందిస్తుంది. ఆగిపోతే ఎవరికీ కొంపలు మునగవు. రెండోది ఇమ్మిచ్, ఫోన్ ఫొటోల కోసం. అయితే మొదటి ఏడాది క్లౌడ్ చందా కూడా కట్టండి, రెండు చోట్లా ఉండనివ్వండి. పాస్‌వర్డ్‌ల వాల్ట్‌వార్డెన్ అన్నిటికన్నా చివర, బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చుకోవడం చేతికి అలవాటయ్యాక.

రెండు వందల జీబీ ఎక్కడికి పోయింది

ఇక నా తప్పు కథ. దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇది మీకూ జరుగుతుంది.

లాప్‌టాప్‌లో 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉంది, సిస్టమ్ అందులో. ఫొటోలు ఒక యూఎస్‌బీ డిస్క్‌లో, బ్యాకప్ ఇంకో యూఎస్‌బీ డిస్క్‌లో. రాత్రి రెండింటికి ఆర్‌సింక్ అనే కాపీ సాఫ్ట్‌వేర్‌తో ఒక స్క్రిప్ట్ (వరుసగా నడిచే కమాండ్ల ఫైలు) ఫొటోలన్నిటినీ రెండో డిస్క్‌కి కాపీ చేస్తుంది. ఓ శుక్రవారం పొద్దున చూస్తే ఒక్క సర్వీసూ పలకడం లేదు. ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లి, ఏ డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొట్టాను. సిస్టమ్ డిస్క్ 100 శాతం నిండి ఉంది. నిన్న సాయంత్రం 40 జీబీ కూడా లేదది. గుండె గుభేలుమంది.

ఆ జాబితాలో బ్యాకప్ డిస్క్ లేదని అప్పుడు గమనించాను. రాత్రి కరెంటు పోయి వచ్చింది, దాని అడాప్టర్ ఊడి కింద పడి ఉంది. సరే కదా అని ప్లగ్ పెట్టి, డిస్క్‌ని మళ్లీ మౌంట్ చేశాను, అంటే సిస్టమ్‌కి కలిపాను. మౌంట్ అయింది, లోపల పాత బ్యాకప్ భద్రంగా ఉంది. కానీ సిస్టమ్ డిస్క్ ఇంకా నిండుగానే ఉంది. డీయూ కమాండ్‌తో ఒక్కో ఫోల్డర్ సైజూ కూడుతూ పోయాను. ఎంత కూడినా 38 జీబీ దాటదు. డీఎఫ్ ఏమో 100 శాతం అంటుంది. మిగిలిన రెండు వందల జీబీ ఏ ఫోల్డర్‌లోనూ లేదు, డిస్క్ మీద మాత్రం ఉంది. తలప్రాణం తోకకొచ్చింది. గంటన్నర లాగ్‌లన్నీ తవ్వాను.

సంగతేమిటంటే, లైనక్స్‌లో డిస్క్‌ని మౌంట్ చేయడమంటే ఒక ఖాళీ ఫోల్డర్ మీద దాన్ని పరచడం. డిస్క్ లేకపోయినా ఆ ఖాళీ ఫోల్డర్ అక్కడే ఉంటుంది, అది సిస్టమ్ డిస్క్‌లోది. రాత్రి రెండింటికి నా స్క్రిప్ట్ వచ్చి చూసింది, ఫోల్డర్ ఉంది, లోపల ఏమీ లేదు, "ఓహో, అన్నీ కొత్తగా కాపీ చేయాలి కాబోలు" అనుకుని ఫొటోలన్నీ ఎస్ఎస్‌డీ మీద కుమ్మరించింది, నిండి ఊపిరాడనంత వరకు. పొద్దున నేనొచ్చి, ఆ రెండు వందల జీబీ మీద డిస్క్‌ని దుప్పటిలా పరిచేశాను. కింద ఏముందో డీయూకి కనబడదు. డిస్క్‌ని అన్‌మౌంట్ చేయగానే కింద కుప్పలుగా ఫొటోలు బయటపడ్డాయి.

ఆ రోజు నుంచి నాలుగు మార్పులు చేశాను. ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో డిస్క్‌లని ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లతో కాక యూయూఐడీతో (ఆ డిస్క్‌కే చెందిన గుర్తింపు నంబరుతో) రాస్తాను, రీబూట్‌లో ఆ పేర్లు తారుమారవుతాయి, యూయూఐడీ మారదు. ఒక్క యూఎస్‌బీ డిస్క్ లేదని మొత్తం సిస్టమ్ బూట్ ఆగిపోకుండా 'నోఫెయిల్' చేరుస్తాను. మూడోది, డిస్క్ అన్‌మౌంట్ చేసి ఉన్నప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్‌కి సీహెచ్ఏటీటీఆర్ కమాండ్‌తో ప్లస్ ఐ గుర్తు పెడతాను. ఇక అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్ కూడా అందులో ఏమీ రాయలేడు. డిస్క్ మౌంట్ అయితే మామూలుగా రాయొచ్చు, లేకపోతే స్క్రిప్ట్ గోడకి గుద్దుకుని ఆగిపోతుంది. నాలుగోది, స్క్రిప్ట్ మొదటి వరుసలోనే 'మౌంట్‌పాయింట్' కమాండ్‌తో డిస్క్ ఉందో లేదో అడగడం.

బ్యాకప్, అంతకంటే రీస్టోర్

రెండు డిస్క్‌లని రెయిడ్‌లో (ఒకే డేటా రెండింట్లోనూ ఉండేలా) జత చేస్తే బ్యాకప్ అయిపోయిందనుకునేవాళ్లకి ఒక్క మాట. రెయిడ్ డిస్క్ పాడైతే కాపాడుతుంది. మీరు పొరపాటున ఫోల్డర్ తీసేస్తే, రెండు డిస్క్‌ల్లోనూ ఒకేసారి, శ్రద్ధగా తీసేస్తుంది. ఫోన్ నుంచి సర్వర్‌కి సింక్ కూడా అంతే. పాత తేదీకి వెనక్కి వెళ్లగలిగితేనే బ్యాకప్.

మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి ఇంటి బయట. ఈ లెక్క అందరూ చెబుతారు, సరైనదే. నా అసలు డేటా సర్వర్ మీద, రెండోది యూఎస్‌బీ డిస్క్‌లో, మూడోది మా అక్క వాళ్లింట్లో ఒక చిన్న బోర్డుకి తగిలించిన డిస్క్‌లో. వాళ్ల డేటా కాపీ నా దగ్గర ఉంటుంది. ఆర్‌సింక్ మానేసి ఇప్పుడు రెస్టిక్ వాడుతున్నాను. మారినవే పంపుతుంది, పాత తేదీలన్నీ ఉంచుతుంది, అంతా ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది కాబట్టి బావగారికి నా కాగితాలు కనబడవు. కానీ రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే బ్రహ్మదేవుడు కూడా తెరవలేడు. దాన్ని నేను మొదట ఎక్కడ దాచానో తెలుసా? వాల్ట్‌వార్డెన్‌లో. అంటే అదే సర్వర్‌లో. బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేయడం ఇదే. ఇప్పుడది కాగితం మీద రాసి రెండిళ్లలోనూ ఉంది.

డేటాబేస్ ఉన్న సర్వీసుల ఫోల్డర్‌ని నడుస్తుండగా కాపీ చేస్తే సగం రాసిన పేజీలు వస్తాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే దానితోపాటు వచ్చే పీజీడంప్‌తో ముందు ఒక ఫైలుగా తీసి, దాన్ని బ్యాకప్‌లో పెట్టాలి. నేనిది శ్రద్ధగా చేస్తూనే ఉన్నాను. మూడు నెలలకి మొదటిసారి రీస్టోర్ ప్రయత్నించాను, ఆ రెండో మెషీన్ మీద. ఫొటోలన్నీ వచ్చాయి. ఆల్బమ్‌లు లేవు, మనుషుల పేర్లు లేవు. డంప్ ఫైలు చూస్తే సైజు 0 బైట్లు. ఎప్పుడో కంటైనర్ పేరు మార్చాను, స్క్రిప్ట్‌లో మార్చలేదు. అది ప్రతి రాత్రీ లేని కంటైనర్‌ని పిలిచి, జవాబు రాక, ఖాళీ ఫైలు తయారు చేసి, దాన్ని భద్రంగా రెండు చోట్లకి పంపుతోంది. అసలు సర్వర్ బాగానే ఉంది కాబట్టి బతికిపోయాను. ఇప్పుడు డంప్ సైజు నిన్నటి కంటే సగానికి తగ్గితే స్క్రిప్ట్ అక్కడే ఆగి నాకు మెసేజ్ పెడుతుంది.

మూడు నెలలకోసారి ఆ రెండో మెషీన్‌ని పూర్తిగా తుడిచి, నోట్‌బుక్ మాత్రమే చూస్తూ, అక్క వాళ్లింటి కాపీ నుంచి మొత్తం లేపుతాను. మొదటిసారి ఆరు గంటలు పట్టింది. ఎక్కడ ఆగిపోయానో అక్కడ నోట్‌బుక్‌లో ఒక వరుస చేర్చాను. మొన్న రెండు గంటల్లోపే అయింది.

బయటి నుంచి లోపలికి

రూటర్‌లో సర్వీసుల పోర్టులు తెరవకండి. తెరిచిన రోజే మీ ఎస్ఎస్‌హెచ్ లాగ్ చూస్తే ప్రపంచం నలుమూలల నుంచి తలుపు తట్టేవాళ్లు కనిపిస్తారు. నిజానికి చాలామందికి తెరిచినా పనిచేయదు. మీ రూటర్ బయటివైపు చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ ప్రొవైడర్ మిమ్మల్ని, ఇంకెందరినో కలిపి ఒకే బయటి చిరునామా వెనక కూర్చోబెట్టినట్టు. దాన్నే సీజీనాట్ అంటారు.

మీకంటూ బయటి చిరునామా ఉంటే వైర్‌గార్డ్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి ఎన్‌క్రిప్ట్ చేసిన దారి వేసే వీపీఎన్) చాలు. 2020లో లైనక్స్ కెర్నల్ 5.6తో లోపలికే వచ్చేసింది. తెరవాల్సింది ఒకే ఒక్క యూడీపీ పోర్టు, మామూలుగా 51820. సరైన కీ లేనివాడు ఎంత తట్టినా అది "ఎవరు" అని కూడా అనదు, కాబట్టి వెతికేవాడికి అక్కడ తలుపున్నట్టే తెలియదు. సీజీనాట్ వెనక ఉంటే టెయిల్‌స్కేల్ వాడండి, అదీ వైర్‌గార్డ్ మీద కట్టిందే, రెండు వైపుల నుంచీ బయటికి వెళ్లి మధ్యలో కలుసుకునే ఏర్పాటు చేస్తుంది. మా అక్క వాళ్లింటి బోర్డుతో నాది మాట్లాడేది దాని మీదే.

ఇక హెచ్‌టీటీపీఎస్ (వెబ్ పేజీతో జరిగే మాటలని ఎన్‌క్రిప్ట్ చేసేది) గురించి. వాల్ట్‌వార్డెన్ వెబ్ పేజీ అది లేకుండా పనిచేయదు. సొంత డొమైన్ ఒకటి ఉంటే, ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి డీఎన్ఎస్ పద్ధతిలో దానికి కావాల్సిన సర్టిఫికెట్ తీసుకోవచ్చు, ఒక్క పోర్టు కూడా బయటికి తెరవక్కర్లేదు. క్యాడీలో మీ డొమైన్ కంపెనీకి సరిపడే డీఎన్ఎస్ ప్లగిన్ చేర్చుకోవాలి. తర్వాత గడువు తీరకముందే అదే కొత్తది తెచ్చుకుంటుంది. డొమైన్ కొనకుండా ఇంట్లో పేర్లు మాత్రం కావాలంటే 'హోమ్ డాట్ ఆర్పా' వాడండి, అది ఇంటి నెట్‌వర్క్‌ల కోసమే కేటాయించింది. 'డాట్ లోకల్' వద్దు, అది ప్రింటర్లూ టీవీలూ ఒకదాన్నొకటి వెతుక్కునే ఎమ్‌డీఎన్ఎస్‌ది, రెండూ కలిస్తే ఒకసారి దొరికి ఒకసారి దొరకని రోగం పట్టుకుంటుంది.

కాపలా

అప్‌టైమ్ కుమా పెట్టుకుంటే ఏ సర్వీసు ఆగినా ఫోన్‌కి కబురు వస్తుంది. కానీ సర్వరే పోతే కబురు పంపేదెవరు? అందుకని నా కుమాని అక్క వాళ్లింటి బోర్డు మీద పెట్టాను. బ్యాకప్‌కి దీన్ని తిరగేసి వాడతాను. బ్యాకప్ విజయవంతంగా అయిన ప్రతి రాత్రీ స్క్రిప్ట్ దాన్ని ఒకసారి పలకరిస్తుంది. పలకరింపు రాకపోతే నాకు మెసేజ్ వస్తుంది. తప్పు జరిగినప్పుడు చెప్పే స్క్రిప్ట్ అసలు నడవకపోతే ఏమీ చెప్పదు కదా.

డిస్క్‌ల ఆరోగ్యానికి స్మార్ట్‌సీటీఎల్ కమాండ్. అది చూపించే పెద్ద పట్టికలో నేను చూసేవి మూడే: 5, 197, 198 నంబర్ల వరుసలు. పాడై పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్క్ మీద డేటా రాసే చిన్న గడులు), అనుమానంలో ఉన్నవి, చదవలేకపోయినవి. మూడూ సున్నా ఉండాలి. కొన్ని యూఎస్‌బీ కేసులు ఈ వివరాలని బయటికి రానివ్వవు, డిస్క్ రకం 'శాట్' అని కమాండ్‌కి చెప్పి చూడండి. డెస్క్‌టాప్ వాడేవాళ్లు యూపీఎస్ కొంటే యూఎస్‌బీ పోర్టు ఉన్నది కొనండి, ఎన్‌యూటీ అనే సాఫ్ట్‌వేర్ దాని బ్యాటరీ చూస్తూ సమయానికి సర్వర్‌ని మర్యాదగా ఆపుతుంది. రూటర్‌ని కూడా ఆ యూపీఎస్‌కే తగిలించడం మర్చిపోకండి.

నోట్‌బుక్ చివరి పేజీ నా కోసం కాదు, మా ఆవిడ కోసం. సర్వర్ ఎక్కడుంది, ఎలా ఆపాలి, రూటర్‌లో డీఎన్ఎస్ మార్చి నెట్ మామూలుగా ఎలా తెచ్చుకోవాలి, ఫొటోల డిస్క్ ఏది, రెస్టిక్ కాగితం ఎక్కడుంది. నేను ఊరెళ్లినప్పుడు ఒకసారి అది చూసి తనే రూటర్ మార్చుకుంది. తిరిగొచ్చాక చెప్పింది, "నాలుగో వరుసలో పాస్‌వర్డ్ అన్నావు, ఏ పాస్‌వర్డో రాయలేదు" అని. రాశాను.

ఈ ఉదయం అందులో పడ్డ వరుస ఇది: "ఫొటోల డిస్క్, 197వ వరుస. మొన్నటి దాకా 0. ఇవాళ 8." ఈ డిస్క్‌లో ఒక్కో అసలు సెక్టారూ 4 కేబీ, లెక్క మాత్రం 512 బైట్ల చొప్పున, అందుకే ఒకటి అనుమానంలో పడ్డా ఎనిమిదిగా కనిపిస్తుంది. ఒకటే కావచ్చు. కొత్త డిస్క్‌కి ఆర్డర్ పెట్టాను, అది వచ్చేలోపు అక్క వాళ్లింటి కాపీ మీద రెస్టిక్ చెక్ నడుస్తోంది, 61 శాతం అయింది.